మోటార్లు, పెద్ద లోడ్‌లను పవర్ ట్రాన్సిస్టర్, ఆప్టోకప్లర్‌లతో ఆన్, ఆఫ్ చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పాలిటెక్నిక్ పిల్లల ప్రాజెక్టుల నుంచి రైతుల పంపుసెట్ కంట్రోలర్‌ల దాకా, నా బల్ల మీదికి వచ్చే కాలిన బోర్డులు ఎక్కువగా రెండు క్షణాల్లోనే పోయి ఉంటాయి. ఒకటి లోడ్ ఆన్ అయిన క్షణం, రెండోది ఆఫ్ అయిన క్షణం. మధ్యలో గంటల తరబడి హాయిగా నడుస్తున్నప్పుడు పోయినవి తక్కువ. కింది జవాబులు చదివేటప్పుడు ఆ రెండు క్షణాలనూ మనసులో పెట్టుకోండి. ఇంకో మాట. ఇంట్లో మనం విద్యుత్తు మొత్తాన్నీ ‘కరెంటు’ అనేస్తాం. ఇక్కడ మాత్రం కరెంట్ అంటే ఆంప్‌లలో కొలిచే ప్రవాహం ఒక్కటే.

చిన్న మోటారే కదా, ఆర్డుయినో పిన్‌కు నేరుగా కలిపితే ఏమవుతుంది?

ఆర్డుయినో యూనో అనే చిన్న ప్రోగ్రామ్ బోర్డులోని చిప్ ఒక్కో పిన్ నుంచి 20 మిల్లీ ఆంప్‌లు ఇబ్బంది లేకుండా ఇస్తుంది. 40 మిల్లీ ఆంప్‌లు అన్నది దాటకూడని హద్దు. పిన్‌లన్నీ కలిపి 200 మిల్లీ ఆంప్‌లు మించకూడదు. బొమ్మ కారులోని చిన్న మోటారు కూడా తిరగడం మొదలుపెట్టేటప్పుడు దీనికి ఎన్నో రెట్లు అడుగుతుంది. ఒక్కోసారి తిరుగుతుంది కూడా, అదే అసలు చిక్కు. ‘తిరిగింది కదా’ అని వదిలేస్తే కొన్నాళ్లకు ఆ పిన్ పోతుంది. ఆ తర్వాత తప్పు కోడ్‌లో ఉందనుకుని వెతుకుతూ కూర్చుంటారు.

నా మోటారు ఎంత కరెంట్ తీసుకుంటుందో ఎలా తెలుస్తుంది? దాని మీద ‘12 వోల్ట్‌లు, 2 ఆంప్‌లు’ అని రాసి ఉంది.

రాసి ఉన్నది అది మామూలుగా తిరుగుతున్నప్పటి సంగతి. మీ స్విచ్ తట్టుకోవాల్సింది వేరే అంకెను. తిరుగుతున్న డీసీ మోటారు తనలోనే ఒక ఎదురు వోల్టేజ్ పుట్టించుకుంటుంది, అదే కరెంట్‌ను అదుపులో ఉంచుతుంది. ఆగి ఉన్న మోటారుకు ఆ ఎదురు వోల్టేజ్ ఉండదు. అప్పుడు కరెంట్‌ను ఆపేది వైండింగ్ నిరోధం ఒక్కటే.

కాబట్టి మల్టీమీటర్‌తో మోటారు రెండు తీగల మధ్య నిరోధం కొలవండి. షాఫ్ట్‌ను కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలిచి, వచ్చిన వాటిలో తక్కువది తీసుకోండి. అది 1 ఓమ్ అనుకుందాం. 12ను 1తో భాగిస్తే 12 ఆంప్‌లు. రాసి ఉన్నది 2, మొదలయ్యే క్షణంలో 12! గేరులో రాయి ఇరుక్కున్నా, పంపులో చెత్త పడి మోటారు బిగుసుకున్నా ఆ 12 ఆంప్‌లు ఆగకుండా పారుతూనే ఉంటాయి. ట్రాన్సిస్టర్‌ను ఈ అంకె చూసి ఎంచుకోండి. మామూలు మల్టీమీటర్ 1 ఓమ్ కంటే తక్కువ నిరోధాన్ని సరిగా చూపించదు. ప్రోబ్‌లు రెండూ ఒకదానికొకటి తాకించినప్పుడు ఎంత చూపిస్తుందో, వచ్చిన కొలతలోంచి అంత తీసేయండి.

వోల్టేజ్‌లోనూ కొంత జాగా వదలాలి. ‘12 వోల్ట్‌ల’ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జింగ్‌లో 14.4 దాకా వెళ్తుంది. 12 వోల్ట్‌ల పనికి 55 వోల్ట్‌ల మాస్‌ఫెట్ (గేట్ అనే కాలికి వోల్టేజ్ ఇస్తే డ్రెయిన్, సోర్స్ అనే మిగతా రెండు కాళ్ల మధ్య దారి తెరిచే ట్రాన్సిస్టర్) వేస్తే నాకు మనశ్శాంతి. 48 వోల్ట్‌ల పనికి 100 కంటే తక్కువది వేయను.

టిప్122 వాడాలా, మాస్‌ఫెట్ వాడాలా?

టిప్122 మన కాలేజీ ల్యాబుల్లో పాత కాపు. 100 వోల్ట్‌లు, 5 ఆంప్‌ల డార్లింగ్టన్ ఇది, అంటే ఒకే ఒంట్లో వెనకా ముందూ రెండు ట్రాన్సిస్టర్‌లు. 3 ఆంప్‌ల దగ్గర కనీసం 1000 రెట్ల గెయిన్ (బేస్ అనే కాలికి ఇచ్చిన కరెంట్‌కు ఎన్ని రెట్లు పారించగలదన్నది) ఉంటుంది కాబట్టి బేస్‌కు 5 మిల్లీ ఆంప్‌లు ఇచ్చినా చాలు, ఆర్డుయినో పిన్ సులువుగా నడిపేస్తుంది. పాత 2ఎన్3055తో పోల్చండి. 4 ఆంప్‌ల దగ్గర దాని గెయిన్ 20కి పడిపోవచ్చు. అంటే బేస్‌కే 200 మిల్లీ ఆంప్‌లు కావాలి, ముందు ఇంకో ట్రాన్సిస్టర్ పెట్టక తప్పదు.

టిప్122 లోపం వేడిలో ఉంది. పూర్తిగా ఆన్ అయినా దాని కలెక్టర్, ఎమిటర్ అనే రెండు కాళ్ల మధ్య వోల్టేజ్ మిగిలిపోతుంది, 3 ఆంప్‌ల దగ్గర 2 వోల్ట్‌ల దాకా. 3 ఆంప్‌లను 2 వోల్ట్‌లతో గుణిస్తే 6 వాట్‌లు. హీట్ సింక్ (వేడిని లాగేసే లోహపు ముక్క) లేని ఆ సైజు ట్రాన్సిస్టర్ ఒక్కో వాట్‌కు సుమారు 62 డిగ్రీలు వేడెక్కుతుంది. మిగతా లెక్క మీరే వేయండి, అది బతికే దారి లేదు. పైగా మోటారుకు 12 బదులు 10 వోల్ట్‌లే అందుతాయి.

ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్ చూడండి. గేట్‌కు 5 వోల్ట్‌లు ఇస్తే దాని నిరోధం గరిష్ఠంగా 25 మిల్లీ ఓమ్‌లు. అవే 3 ఆంప్‌లకు పావు వాట్ కంటే తక్కువ వేడి. 5 ఆంప్‌లకు 0.6 వాట్ చిల్లర, అంటే సుమారు 40 డిగ్రీల పెరుగుదల. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల ఎండలో, మూసిన డబ్బాలో గాలి 50 డిగ్రీలు ఉన్నా అది 90 దగ్గర ఆగుతుంది. చేయి పెడితే కాలుతుంది కానీ మాస్‌ఫెట్‌కు ప్రమాదం లేదు. 10 ఆంప్‌లైతే వేడి నాలుగు రెట్లవుతుంది, అప్పుడు హీట్ సింక్ తప్పనిసరి. అందుకే కొత్తగా కట్టే దేనికైనా నా ఓటు మాస్‌ఫెట్‌కే. చేతిలో టిప్122 ఉంది, లోడ్ ఒక ఆంప్ లోపే అంటే దాన్నే వాడుకోండి, తప్పేమీ లేదు.

ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ వేశాను. 49 ఆంప్‌లది అన్నారు, 2 ఆంప్‌లకే మరిగిపోతోంది. నకిలీదా?

నకిలీది కూడా కావచ్చు, కానీ ముందు గేట్ వోల్టేజ్ చూడండి. పేరులో ‘ఎఫ్’ ఉన్నదానికీ ‘ఎల్’ ఉన్నదానికీ తేడా ఇక్కడే. డేటాషీట్‌లో ‘థ్రెషోల్డ్ 2 నుంచి 4 వోల్ట్‌లు’ అని చూసి, 5 వోల్ట్‌లు చాలనుకుంటారు. ఆ థ్రెషోల్డ్ కొలిచింది 250 మైక్రో ఆంప్‌ల దగ్గర. అంటే తలుపు గడియ తీసిన చప్పుడు మాత్రమే అది, తలుపు బార్లా తెరవాలంటే 10 వోల్ట్‌లు కావాలి. 17.5 మిల్లీ ఓమ్‌లని గొప్పగా రాసిన అంకె ఆ 10 వోల్ట్‌ల దగ్గరిదే. 5 వోల్ట్‌లతో అది సగం తెరుచుకుని, 3.3 వోల్ట్‌ల ఈఎస్‌పీ32 బోర్డుతో అయితే అసలు తెరుచుకోకుండా, మధ్యలో నిలబడి వేడెక్కుతుంది.

రెండు దారులున్నాయి. 5 వోల్ట్‌ల బోర్డుకు ‘ఎల్’ రకం లాజిక్ లెవెల్ మాస్‌ఫెట్ కొనండి. లేదంటే ఆప్టోకప్లర్ (తీగ లేకుండా వెలుగుతో సిగ్నల్ దాటించేది, కింద వివరించాను) ద్వారా 12 వోల్ట్‌ల వైపు నుంచే గేట్ నడపండి, అప్పుడు ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ కూడా చక్కగా పనిచేస్తుంది. 3.3 వోల్ట్‌ల బోర్డు ఉన్నవాళ్లకు నేను రెండో దారే చెబుతాను.

హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో అడిగేటప్పుడు ‘జెడ్44’ అని మాత్రం అంటే రెండింటిలో ఏదైనా చేతిలో పెట్టొచ్చు. మూడో అక్షరం చూసి తీసుకోండి.

గేట్ దగ్గర ఏ రెసిస్టర్‌లు పెట్టాలి?

పిన్ నుంచి గేట్‌కు 100 నుంచి 220 ఓమ్‌లు ఒకటి, గేట్ నుంచి సోర్స్‌కు 10 కిలో ఓమ్‌లు ఒకటి. రెండోది దయచేసి మానేయకండి. బోర్డు ఆన్ అయ్యాక మీ కోడ్ మొదలయ్యే లోపు పిన్ గాల్లో వేలాడుతుంది. గేట్ ఒక చిన్న కెపాసిటర్ లాంటిది, చేయి దగ్గరగా వచ్చినా ఛార్జ్ అవుతుంది. పవర్ ఇవ్వగానే మోటారు ఒక్కసారి గింజుకుని ఆగుతోందంటే ఈ రెసిస్టర్ లేనట్టే.

ట్రాన్సిస్టర్‌ను మోటారు ప్లస్ వైపు పెట్టాలా, మైనస్ వైపు పెట్టాలా?

టిప్122 లాంటి ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్‌లు, జెడ్44 లాంటి ఎన్-ఛానెల్ మాస్‌ఫెట్‌లు మైనస్ వైపే. బ్యాటరీ ప్లస్ నుంచి మోటారుకు, మోటారు నుంచి డ్రెయిన్‌కు, సోర్స్ నుంచి బ్యాటరీ మైనస్‌కు. ఎన్-ఛానెల్‌ను ప్లస్ వైపు పెడితే, ఆన్ అవుతున్న కొద్దీ సోర్స్ కూడా 12 వోల్ట్‌ల వైపు పైకి లేస్తుంది. గేట్ అంతకంటే 10 వోల్ట్‌లు పైన, అంటే 22 దగ్గర ఉండాలి. దానికి ప్రత్యేక డ్రైవర్ కావాలి.

మోటారుకు అడ్డంగా డయోడ్ ఎందుకు? అది లేకుండా కూడా నడుస్తోంది.

ఆఫ్ అయిన క్షణం గురించి మొదట్లో చెప్పింది ఇదే. కాయిల్‌లో పారుతున్న కరెంట్ ఉన్నపళంగా ఆగదు. దారి మూసేస్తే, ఎంత వోల్టేజ్ పెంచైనా ఎటో ఒకటు దారి చేసుకుంటుంది. 5 వోల్ట్‌ల చిన్న రిలే (కాయిల్ అయస్కాంతంతో పనిచేసే స్విచ్) కాయిల్ కూడా వంద వోల్ట్‌లు దాటే స్పైక్ కొట్టగలదు. ఆ దెబ్బ మీ ట్రాన్సిస్టర్ మీదే పడుతుంది. ఒక్క దెబ్బకు పోకపోవచ్చు. మాస్‌ఫెట్‌లు కొంతవరకు ఓర్చుకుంటాయి, అందుకే ‘నడుస్తోంది’ అనిపిస్తుంది.

డయోడ్‌ను మోటారు రెండు కొసల మధ్య తిరగేసి పెట్టాలి. గీత ఉన్న కొస ప్లస్ వైపు. అప్పుడు ఆ కరెంట్ డయోడ్‌లోంచి మోటారులోనే గుండ్రంగా తిరిగి చల్లారుతుంది. పొరపాటున రెండో వైపు పెడితే బ్యాటరీ నేరుగా షార్ట్.

ఆన్, ఆఫ్ మాత్రమే చేసే రిలేకు 1ఎన్4007 బంగారంలా పనికొస్తుంది. పీడబ్ల్యూఎంతో, అంటే చకచకా ఆన్, ఆఫ్ చేస్తూ వేగం మార్చే మోటారుకు మాత్రం అది వద్దు. అది కరెంట్ ఆపడానికి చాలా సమయం తీసుకుంటుంది, సెకనుకు వేల సార్లు ఆన్ ఆఫ్ జరిగే చోట డయోడ్, మాస్‌ఫెట్ రెండూ వేడెక్కుతాయి. అక్కడ త్వరగా ఆగే షాట్కీ డయోడ్ కావాలి. 3 ఆంప్‌ల లోపు అయితే 1ఎన్5822 చాలు. టిప్122 లోపల డయోడ్ ఉందిగా అని కొందరు వదిలేస్తారు. అది కలెక్టర్, ఎమిటర్‌ల మధ్య ఉంటుంది, మోటారుకు అడ్డంగా కాదు. ఈ పని చేయదు.

ఆప్టోకప్లర్ నిజంగా అవసరమా?

ప్రతిచోటా అవసరం లేదు. 12 వోల్ట్‌ల చిన్న మోటారు, ఒకటే బ్యాటరీ, పొట్టి తీగలు అంటే పిన్ నుంచి మాస్‌ఫెట్‌కు నేరుగా వెళ్లిపోవచ్చు. లోడ్ 230 వోల్ట్‌ల మీద ఉన్నా, మోటారు తీగలు మీటర్ల కొద్దీ పొడవున్నా, మోటారుకు వేరే సప్లై ఉన్నా ఆప్టోకప్లర్ పెట్టండి.

పని సులువుగా అర్థమవుతుంది. ఒక వైపు చిన్న ఎల్‌ఈడీ, రెండో వైపు వెలుగు పడితే ఆన్ అయ్యే ట్రాన్సిస్టర్. మధ్యలో దాటేది వెలుగు మాత్రమే, తీగ లేదు. నాలుగు కాళ్ల పీసీ817 ఆ ఖాళీలో 5000 వోల్ట్‌ల పరీక్షను తట్టుకునేలా తయారైంది. అటువైపు మాస్‌ఫెట్ పేలి 12 వోల్ట్‌లో 230 వోల్ట్‌లో గేట్ మీదికి వచ్చినా, ఇటువైపు మీ బోర్డు, దాని యూఎస్‌బీకి తగిలించిన లాప్‌టాప్, దాని మీద ఉన్న మీ చెయ్యి క్షేమంగా ఉంటాయి.

ఆప్టోకప్లర్ పెట్టాక రెండు వైపుల గ్రౌండ్‌లూ (మైనస్ తీగలూ) కలపాలా?

కలపకూడదు. కలిపితే ఆప్టోకప్లర్ పెట్టిన ప్రయోజనమే పోతుంది. ఈ ఒక్క విషయంలో జరిగే తప్పు మిగతావన్నీ కలిపినా జరగదు.

నాకు జరిగింది చెబుతాను. డ్రిప్ లైన్ల వాల్వుల కోసం నాలుగు రిలేల మాడ్యూల్‌తో ఒక డబ్బా కట్టాను. ప్రతి రిలేకూ ఒక ఆప్టోకప్లర్ కనిపిస్తూనే ఉంది. అయినా వాల్వు ఆఫ్ అయినప్పుడల్లా డిస్‌ప్లే మీద పిచ్చి అక్షరాలు. రెండు వారాలు కోడ్ మార్చాను, తీగలు మార్చాను. చివరికి దొరికింది మాడ్యూల్ మూల ‘జేడీ-వీసీసీ’ దగ్గర ఉన్న చిన్న జంపర్. అది ఉన్నంతసేపూ రిలే కాయిల్‌లకూ, ఆప్టోకప్లర్ ఎల్‌ఈడీలకూ ఒకటే 5 వోల్ట్‌ల సప్లై. వెలుగు గోడ నిలబడే ఉంది, పక్కన గేటు బార్లా తెరిచి ఉంది.

సరైన పద్ధతి ఇది. జంపర్ తీసేయండి. వేరే 5 వోల్ట్‌ల అడాప్టర్ ప్లస్ ‘జేడీ-వీసీసీ’కి, మైనస్ మాడ్యూల్ గ్రౌండ్‌కు. ఆర్డుయినో నుంచి 5 వోల్ట్‌ల తీగ, ఇన్‌పుట్ తీగలు మాత్రమే మాడ్యూల్‌కు వెళ్తాయి. ఆర్డుయినో గ్రౌండ్ అటు వెళ్లదు. ఆ రోజు తర్వాత ఆ డబ్బా మళ్లీ నా దగ్గరికి రాలేదు.

ఆప్టోకప్లర్ లేని నేరు సర్క్యూట్‌లో మాత్రం ఇది తలకిందులవుతుంది. అక్కడ బోర్డు గ్రౌండ్, మోటారు సప్లై మైనస్ కలిసి తీరాలి, లేకపోతే గేట్‌కు వోల్టేజ్ ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో తెలియదు.

పీసీ817కు ఏ రెసిస్టర్? దాంతో మాస్‌ఫెట్ గేట్ ఎలా నడపాలి?

ఎల్‌ఈడీ వైపు 1.2 వోల్ట్‌లు పోతాయి. 5 వోల్ట్‌ల పిన్‌కు 330 ఓమ్‌లు వేస్తే సుమారు 11 మిల్లీ ఆంప్‌లు. 3.3 వోల్ట్‌ల పిన్‌కు 220 ఓమ్‌లు, సుమారు 9. రెండూ సరిపోతాయి.

ఎల్‌ఈడీ కరెంట్‌లో ఎంత శాతం ట్రాన్సిస్టర్ వైపు వస్తుందో చెప్పేది సీటీఆర్. పీసీ817లో ఇది 50 నుంచి 600 దాకా ఎంతైనా ఉండొచ్చు. పేరు చివర అక్షరం చూడండి. ఏ అంటే 80 నుంచి 160, బీ అంటే 130 నుంచి 260, సీ అంటే 200 నుంచి 400. అక్షరం లేనిది దొరికితే 50 శాతమే వస్తుందనుకుని లెక్క వేసుకోండి. ఏళ్లు గడిచేకొద్దీ ఎల్‌ఈడీ వెలుగు తగ్గుతుంది కాబట్టి కొంత మిగులు ఉంచడం మంచిది.

గేట్ కోసం 4వ కాలు, అంటే కలెక్టర్, 12 వోల్ట్‌లకు. 3వ కాలు, ఎమిటర్, గేట్‌కు. గేట్ నుంచి సోర్స్‌కు ఒక రెసిస్టర్. ఎల్‌ఈడీ వెలిగితే గేట్ 12 దగ్గరికి లేస్తుంది, ఆరితే రెసిస్టర్ కిందికి లాగుతుంది. మోటారు సప్లై 24 వోల్ట్‌లైతే ఇలా నేరుగా ఇవ్వకండి. మామూలు మాస్‌ఫెట్ గేట్ 20 వోల్ట్‌లకు మించి తట్టుకోదు, ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ అయితే 16కే సరి. గేట్, సోర్స్ మధ్య 12 వోల్ట్‌ల జీనర్ డయోడ్ (వోల్టేజ్‌ను 12 దాటనివ్వదు) పెట్టి, 24 వోల్ట్‌లకూ కలెక్టర్‌కూ మధ్య 2.2 కిలో ఓమ్‌లు ఒకటి వేయండి. ఇలా వేసినప్పుడు గేట్ కింది రెసిస్టర్ 10 కిలో ఓమ్‌లే ఉండాలి.

అదే సర్క్యూట్‌తో పీడబ్ల్యూఎం చేయొచ్చా?

నెమ్మదిగా అయితే చేయొచ్చు. ఆర్డుయినో మామూలు పీడబ్ల్యూఎం సెకనుకు 490 సార్లు, ఒక చక్రానికి 2 మిల్లీ సెకన్లు. గేట్ కింద 10 కిలో ఓమ్‌లు ఉంటే గేట్ ఖాళీ కావడానికి పదుల మైక్రో సెకన్లు పడుతుంది. ఆ కాసేపూ మాస్‌ఫెట్ సగం తెరుచుకుని వేడెక్కుతుంది. 12 వోల్ట్‌ల సప్లైలో రెసిస్టర్‌ను 2.2 కిలో ఓమ్‌లకు తగ్గిస్తే బాగా మెరుగవుతుంది.

మోటారు కీచుమంటోందని ఫ్రీక్వెన్సీని 20 కిలో హెర్ట్జ్‌కు పెంచితే చక్రం మొత్తం 50 మైక్రో సెకన్లే. పీసీ817కు అది చేతకాదు. గేట్‌ను పైకీ కిందికీ రెండు వైపులా గట్టిగా తోసే టీఎల్‌పీ250 లాంటి గేట్ డ్రైవర్ ఆప్టోకప్లర్ తీసుకోండి. దాని సప్లై 10 వోల్ట్‌ల పైన ఉండాలి.

మోటారు ఆన్ కాగానే బోర్డు రీసెట్ అవుతోంది. ప్రోగ్రామ్‌లో తప్పా?

చాలావరకు ప్రోగ్రామ్ తప్పు ఉండదు. మోటారు మొదలయ్యే ఆ 12 ఆంప్‌ల గుటకకు సప్లై వోల్టేజ్ కుంగిపోతుంది, బోర్డు పవర్ పోయిందనుకుంటుంది. బోర్డుకు వేరే సప్లై ఇస్తే మంచిది. ఒకటే బ్యాటరీ అయితే బోర్డు తీగలు రెండూ నేరుగా బ్యాటరీ దగ్గరి నుంచే తెచ్చుకోండి, మోటారు దగ్గరి నుంచి లాగకండి. మోటారు సప్లై దగ్గర 1000 మైక్రో ఫారడ్‌ల కెపాసిటర్, బ్రష్‌లున్న మోటారు రెండు కొసల మధ్య 0.1 మైక్రో ఫారడ్ సిరామిక్ పెట్టండి. బ్రష్‌ల నిప్పురవ్వలు రేడియోలా చుట్టూ గోల చేస్తాయి, ఆ చిన్న కెపాసిటర్ ఆ గోలను అక్కడే మింగేస్తుంది.

మోటారు రెండు వైపులా తిరగాలంటే?

హెచ్-బ్రిడ్జ్ కావాలి, అంటే మోటారుకు ప్లస్, మైనస్‌లను తారుమారు చేసే నాలుగు స్విచ్‌ల సర్క్యూట్. చేత్తో నాలుగు మాస్‌ఫెట్‌లు కట్టొద్దు, మాడ్యూల్ కొనుక్కోండి. ఒకే పక్క ఉన్న పై, కింది మాస్‌ఫెట్‌లు క్షణం పాటు కలిసి ఆన్ అయినా బ్యాటరీ షార్టే. అందరూ కొనే ఎల్298 మాడ్యూల్ పాత తరం ట్రాన్సిస్టర్‌లది. 1 ఆంప్ దగ్గరే దాదాపు 2 వోల్ట్‌లు తినేస్తుంది, 6 వోల్ట్‌ల మోటారుకు అది పెద్ద నష్టం. తిరుగుతున్న మోటారును ఎదురు దిశకు మార్చే ముందు పూర్తిగా ఆగనివ్వండి.

230 వోల్ట్‌ల ఏసీ ఫ్యాన్‌నో హీటర్‌నో ఇదే మాస్‌ఫెట్‌తో ఆపొచ్చా?

ఒక్క మాస్‌ఫెట్‌తో కుదరదు, దాని లోపలి డయోడ్ ఏసీ సగాన్ని ఎప్పుడూ వదిలేస్తూనే ఉంటుంది. ఏసీకి ట్రయాక్ (రెండు దిశల్లోనూ కరెంట్‌ను పారనిచ్చే స్విచ్), దాన్ని నడపడానికి పేరు ఎంఓసీతో మొదలయ్యే తరగతి ఆప్టోకప్లర్.

ఇక్కడ వోల్టేజ్ లెక్క జాగ్రత్త. 230 అన్నది సగటు లాంటి కొలత, శిఖరం 325 వోల్ట్‌లు. పల్లెల్లో రాత్రి లోడ్ తగ్గినప్పుడు 260 కూడా చూస్తాం, అప్పుడు శిఖరం దాదాపు 370. కాలేజీ సర్క్యూట్‌లన్నిటా కనిపించే ఎంఓసీ3021, ఎంఓసీ3041 రెండూ 400 వోల్ట్‌లవే. నేను 600 వోల్ట్‌ల ఎంఓసీ3063 వాడతాను, దాని ఎల్‌ఈడీకి 5 మిల్లీ ఆంప్‌లే చాలు. ఇది వోల్టేజ్ సున్నా దాటే చోటే ఆన్ చేస్తుంది కాబట్టి హీటర్‌కు, బల్బుకు బాగుంటుంది. ఫ్యాన్ వేగం తగ్గించాలంటే మాత్రం ఇది పనికిరాదు, ఎంఓసీ3051 లాంటి సున్నా కోసం ఆగని రకం కావాలి.

మోటారు లాంటి కాయిల్ లోడ్ ఉంటే ట్రయాక్‌కు అడ్డంగా స్నబ్బర్, అంటే రెసిస్టర్, కెపాసిటర్ వరసగా పెట్టాలి. లేకపోతే ఆఫ్ చేసినా తనంతట తానే మళ్లీ ఆన్ అవుతుంది. కెపాసిటర్ మెయిన్స్ మీద వాడేందుకు తయారైన ఎక్స్2 రకమే కొనండి. 0.1 మైక్రో ఫారడ్ స్నబ్బర్‌లోంచి ఆఫ్‌లో కూడా 7 మిల్లీ ఆంప్‌లు పారుతాయి. ఎల్‌ఈడీ బల్బు ఆఫ్ చేసినా మిణుకుమిణుకుమనడానికి కారణం అదే. ట్రయాక్ ఆఫ్‌లో ఉందని తీగ పట్టుకోకండి. మెయిన్ స్విచ్ ఆఫ్ చేశాకే పని మొదలుపెట్టండి.

రెడీమేడ్ ఎస్‌ఎస్‌ఆర్ (సాలిడ్ స్టేట్ రిలే) కొంటే సరిపోదా?

సరిపోతుంది, లోపల ఉన్నది పై సర్క్యూటే. మూడు సంగతులు గుర్తుంచుకోండి. పైన 25 ఆంప్‌లు అని ఉన్నా, అది మంచి హీట్ సింక్ మీద మాత్రమే. 10 ఆంప్‌లకు సుమారు 12 వాట్‌ల వేడి వస్తుంది. ఏసీ ఎస్‌ఎస్‌ఆర్‌ను డీసీ లోడ్‌కు పెడితే ఆన్ అవుతుంది, ఇక ఆఫ్ కాదు, ఎందుకంటే ట్రయాక్ ఆగాలంటే కరెంట్ సున్నాకు రావాలి. ఇక ఎస్‌ఎస్‌ఆర్ పోయేటప్పుడు ఎక్కువగా షార్ట్ అయి పోతుంది, అంటే లోడ్ ఆన్‌లోనే ఉండిపోతుంది. గుడ్లు పొదిగే పెట్టెలో హీటర్ అలా ఉండిపోతే మొత్తం పోతాయి. హీటర్‌కు వరసగా, వేడి హద్దు దాటితే లైను తెంచే థర్మల్ కటౌట్ ఒకటి తప్పక పెట్టండి.

బోరు మోటారు స్టార్టర్‌ను ఈఎస్‌పీ32తో నడపాలి. ఎలా?

5 హార్స్‌పవర్ మూడు ఫేజ్‌ల మోటారు నడిచేటప్పుడు దాదాపు 8 ఆంప్‌లు, నేరుగా మొదలయ్యేటప్పుడు 40, 50 ఆంప్‌లు. దాన్ని మోయడానికి స్టార్టర్‌లో కాంటాక్టర్ (పెద్ద రిలే లాంటిది) ఉంది, దాన్ని అలాగే ఉండనివ్వండి. మనం నడపాల్సింది దాని కాయిల్‌ను మాత్రమే. ఒక రిలే కాంటాక్ట్‌ను ఆకుపచ్చ బటన్‌కు సమాంతరంగా పెట్టి సెకను పాటు ఆన్ చేయండి. ఇంకో రిలే మూసి ఉండే కాంటాక్ట్‌ను ఎర్ర బటన్‌కు వరసగా పెట్టండి. ఇలా కడితే మీ బోర్డు పాడైనా చేత్తో నొక్కితే మోటారు నడుస్తుంది, మోటారు ఎక్కువ కరెంట్ లాగితే ఆపేసే ఓవర్‌లోడ్ రిలే కాపలా కూడా పోదు. ఓవర్‌లోడ్ రిలేను దాటవేసి తీగ వేయమని ఎవరు అడిగినా నేను వేయను.

చాలామందిని దెబ్బతీసేది కాయిల్ వోల్టేజ్. పొలం స్టార్టర్‌లలో కాయిల్ తరచుగా రెండు ఫేజ్‌ల మధ్య 415 వోల్ట్‌లది. నీలం రంగు చిన్న రిలే 250 వోల్ట్‌లకే పనికొస్తుంది. 415 శిఖరం 587 వోల్ట్‌లు కాబట్టి 600 వోల్ట్‌ల ట్రయాక్ కూడా చాలదు. అలాంటప్పుడు నడుమ 230 వోల్ట్‌ల కాయిల్ ఉన్న చిన్న కాంటాక్టర్ పెట్టి, దాని కాంటాక్ట్‌లతో పెద్దదాన్ని నడపండి. ఈ కనెక్షన్ అనుభవం ఉన్న ఎలక్ట్రీషియన్ చేతిలోనే జరగాలి.

కరెంటు రాగానే దానంతట అదే మొదలయ్యేలా పెట్టాలా అన్నది వేరే ప్రశ్న. తెలంగాణలో 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల విద్యుత్ మొదలైనప్పుడు, భూగర్భజలం తోడేస్తాయని ఆటో స్టార్టర్‌లు తీసేయమని రైతులను కోరారు. ఊళ్లో మోటార్లన్నీ ఒకే క్షణంలో లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద పడే బరువు కూడా ఆలోచించండి. నేను రాసే ప్రోగ్రామ్‌లో కరెంటు వచ్చాక ఒక్కో పెట్టెకు ఒక్కో రకంగా 1 నుంచి 5 నిమిషాల ఆలస్యం ఉంటుంది. నీటి సమయం పూర్తయితే మళ్లీ మొదలుకాదు.

రొయ్యల చెరువు ఏరేటర్ ఆగిపోతే ఫోన్‌కు తెలియాలి. ఆప్టోకప్లర్ పనికొస్తుందా?

భీమవరం, కైకలూరు వైపు నుంచి ఇది బాగా అడుగుతారు. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అడుగంటినప్పుడు ఏరేటర్ ఆగితే కొద్ది గంటల్లో పంట పోతుంది కాబట్టి ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. ఇక్కడ ఆప్టోకప్లర్ వెనక్కి పనిచేయాలి. ఫేజ్, న్యూట్రల్ మధ్య 100 కిలో ఓమ్‌ల అర వాట్ రెసిస్టర్‌లు రెండు వరసగా, తర్వాత పీసీ817 ఎల్‌ఈడీ, దానికి తిరగేసి ఒక 1ఎన్4148. సుమారు 1 మిల్లీ ఆంప్ పారుతుంది. అటువైపు 47 కిలో ఓమ్‌ల పుల్-అప్ (పిన్‌ను ప్లస్ వైపు లాగి ఉంచే రెసిస్టర్) పెడితే ఈఎస్‌పీ32కు సెకనుకు 50 పల్స్‌లు వస్తాయి. పల్స్‌లు ఆగితే ఫేజ్ పోయినట్టు. రెండు రెసిస్టర్‌లు ఎందుకంటే వోల్టేజ్‌ను పంచుకోవడానికి, ఒకటి షార్ట్ అయినా రెండోది ఆపడానికి.

ఒక మోసం ఉంది. తిరుగుతున్న మూడు ఫేజ్‌ల మోటారుకు ఒక ఫేజ్ పోయినా, మోటారే ఆ తీగ మీద వోల్టేజ్ పుట్టిస్తుంది. మీ సర్క్యూట్ ‘అన్నీ ఉన్నాయి’ అంటూనే ఉంటుంది, వైండింగ్ కాలిపోతుంటుంది. కాబట్టి ఒక ఫేజ్ పోతే మోటారును ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ విడిగా ఉండాల్సిందే. నడుస్తోందా లేదా అన్నది ఒక్కో మోటారు తీగకు కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ (తీగలో పారే కరెంట్‌ను కొలిచేది) పెట్టి కొలిస్తేనే నమ్మకంగా తెలుస్తుంది.

230 వోల్ట్‌లను బ్రెడ్‌బోర్డ్ మీద ఒక్కసారి పరీక్షించి చూడొచ్చా?

వద్దు. దాని రంధ్రాల మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు, కాంటాక్ట్‌లు పలచటి రేకులు. పీసీబీలో కూడా 230 వైపుకూ, మీ బోర్డు వైపుకూ మధ్య 6 నుంచి 8 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచండి, ఆప్టోకప్లర్ కింద రాగి అసలు వేయకండి. పని చేసే లైనుకు 30 మిల్లీ ఆంప్‌ల ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే లైను తెంచే స్విచ్) ఉండాలి.

రెండు మాస్‌ఫెట్‌లను ఒకే హీట్ సింక్‌కు బిగించగానే ఫ్యూజ్ పోయింది, ఎందుకు?

వీపున ఉన్న లోహం డ్రెయిన్‌కు కలిసి ఉంటుంది, టిప్122లో అయితే కలెక్టర్‌కు. రెండింటి డ్రెయిన్‌లు హీట్ సింక్ ద్వారా కలిసిపోయాయి. మైకా లేదా సిలికాన్ షీటు, స్క్రూకు ప్లాస్టిక్ బుష్ వేయండి. బిగించాక మల్టీమీటర్‌తో ఒకసారి చూసుకోండి.

కాలిందో బాగుందో ఎలా తేల్చాలి?

మాస్‌ఫెట్‌ను బోర్డు నుంచి తీయండి. అక్షరాలు మీ వైపు ఉంచితే ఎడమ నుంచి గేట్, డ్రెయిన్, సోర్స్. మీటర్‌ను డయోడ్ గుర్తు మీద పెట్టి ముందు గేట్‌ను సోర్స్‌కు తాకించి ఖాళీ చేయండి. ఎర్ర ప్రోబ్ సోర్స్‌కు, నల్లది డ్రెయిన్‌కు పెడితే 0.4 నుంచి 0.6 చూపాలి, తిరగేస్తే ఏమీ చూపకూడదు. రెండు వైపులా సున్నాకు దగ్గరగా చూపితే పోయింది. గేట్ నుంచి ఎటు చూసినా ఏమీ చూపకూడదు.

పీసీ817కు 330 ఓమ్‌ల ద్వారా 5 వోల్ట్‌లను 1, 2 కాళ్లకు ఇచ్చి, 4వ కాలికి ఎర్ర ప్రోబ్, 3వ కాలికి నల్లది పెట్టి నిరోధం చూడండి. 5 వోల్ట్‌లు ఇచ్చినప్పుడు పడిపోవాలి, తీసేసినప్పుడు తెరుచుకోవాలి.

కొత్తది వేశాక వెంటనే మోటారు కలపకండి. మోటారు బదులు బైకు ఇండికేటర్ బల్బు పెట్టి పదిసార్లు ఆన్, ఆఫ్ చేయండి. తర్వాత అదే బల్బును మోటారుకు వరసగా పెట్టి చూడండి. ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, మాస్‌ఫెట్ మిగులుతుంది. ఆ తర్వాతే మోటారు, దానికి ముందు ఫ్యూజ్. ఫ్యూజ్ ఎప్పుడూ మాస్‌ఫెట్ కంటే నెమ్మదిగానే స్పందిస్తుంది, కానీ తీగలు అంటుకోకుండా ఆపేది అదే.